1964 టోక్యో ఫైనల్‌లో గీసింక్ పట్టు గురించి జూడో తెలిసినవారికి ఒక ప్రశ్న

జూడో శిక్షకులకు, క్రీడాకారులకు నమస్కారం. ఉట్రెక్ట్‌లో 1934లో పుట్టిన డచ్ క్రీడాకారుడు ఆంటోన్ గీసింక్ 1961లో పారిస్‌లో కోజీ సోనేను ఓడించి, ప్రపంచ జూడో టైటిల్ గెలిచిన తొలి జపానేతరుడయ్యాడు. మూడేళ్ల తరువాత, జూడోకు తొలిసారి చోటు దక్కిన టోక్యో ఒలింపిక్స్‌లో, సొంత ప్రేక్షకుల ముందు తలపడిన జపాన్ క్రీడాకారుడు అకియో కామినాగాను తొమ్మిది నిమిషాలు దాటాక కెసా గటామె పట్టుతో (ప్రత్యర్థి పక్కన కూర్చుని, అతని మెడనూ ఒక చేతినీ బంధించే నేల పట్టు) నేలకు అదిమిపెట్టి, బరువు పరిమితి లేని ఓపెన్ విభాగంలో స్వర్ణం సాధించాడు.

చాలామంది ఈ గెలుపును ఆయన ఆరడుగుల ఆరంగుళాల ఎత్తుకే ముడిపెడతారు. పోటీ ముగిసింది విసురుతో కాక నేల పట్టుతో కాబట్టి, అది సగం మాటేనని నా అభిప్రాయం. కామినాగా వంటి దిట్ట ఆ పట్టును విడిపించుకోలేకపోవడానికి గీసింక్ బరువు కారణమా, లేక ఛాతీని, కాళ్లను నిలిపిన పద్ధతా? అప్పట్లో పట్టుతో గెలవాలంటే ముప్పై సెకన్లు అదిమి ఉంచాల్సి వచ్చేది, ఇప్పుడు ఇరవై చాలు. కాబట్టి ఆయన శైలిని నేటి పొడగరి శిష్యులకు యథాతథంగా నేర్పవచ్చా? 1972 మ్యూనిక్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన మరో డచ్ జూడో క్రీడాకారుడు విమ్ రుస్కా ఆటలోనూ ఇదే నేల పట్టు బలం కనిపిస్తుందా? అనుభవజ్ఞులు వివరించగలరని మనవి.