వలసదారుల సంఖ్యే వ్యతిరేకతకు కారణమా?

ప్రశ్న:
ఏ దేశంలోనైనా వలస వచ్చినవారి సంఖ్య ఒక హద్దు దాటితే స్థానికులలో వ్యతిరేకత రావడం సహజమని నా అభిప్రాయం. కాదనేవారు ఉంటే చెప్పండి.

జవాబు:
నేను కాదంటాను. సంఖ్యే కారణమైతే వలసదారులు ఎక్కువగా ఉన్నచోటే కోపమూ ఎక్కువ ఉండాలి కదా. 2014 ఫిబ్రవరిలో వలసలకు పరిమితి విధించాలా అని స్విట్జర్లాండ్‌లో ప్రజల ఓటు జరిగింది. ప్రతిపాదన 50.3 శాతంతో నెగ్గింది. కానీ విదేశీయులు ఎక్కువగా ఉండే జెనీవా, జ్యూరిక్, బాసెల్ నగరం దాన్ని తిరస్కరించాయి. నెగ్గించినవి ఎక్కువగా పల్లె ప్రాంతాలు. వలసదారులు తమ దేశానికి బలమని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ 2018లో చేసిన సర్వేలో కెనడావారు 68 శాతం మంది అన్నారు, హంగరీలో 5 శాతమే. కెనడాలో ప్రతి ఐదుగురిలో ఒకరు బయట పుట్టినవారు. హంగరీలో వారు చాలా తక్కువ. అక్కడి ప్రభుత్వమే 2015లో వలసదారులను హెచ్చరిస్తూ వీధుల్లో బోర్డులు పెట్టించింది, అదీ హంగేరియన్ భాషలో! ఆ మాటలు ఎవరు చదవాలని రాయించినట్టు? ముఖమైనా చూడని మనిషి మీద భయం నింపడం ఎంత తేలికో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

అభ్యంతరం:
మీ వాదనకు సరిపోయేవే ఏరుకున్నారండీ. అదే ఓటింగులో, ఇటలీ సరిహద్దున ఉన్న స్విస్ రాష్ట్రం టిచీనో 68 శాతంతో పరిమితిని సమర్థించింది. ఇటలీ నుంచి రోజూ సరిహద్దు దాటి అక్కడికి పనికి వచ్చేవారు వేలల్లో ఉంటారు. వారిని చూడకుండా పుట్టిన భయం కాదది. మీరు మెచ్చిన కెనడాలోనే, వలసలు మరీ ఎక్కువయ్యాయన్నవారు అక్కడి ఎన్విరానిక్స్ సంస్థ సర్వేలో 2022లో 27 శాతం, 2024లో 58 శాతం. అద్దె కట్టలేక అవస్థపడే మనిషిని ద్వేషి అని ఎలా అనగలం?

మళ్లీ జవాబు:
టిచీనోను వదిలేయడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. అద్దె బాధ పడేవారిని ద్వేషులని నేను అనను. కానీ మీ కెనడా లెక్కే చూడండి. రెండేళ్లలో వ్యతిరేకత రెట్టింపు దాటింది, వలసదారుల వాటా రెట్టింపు కాలేదు. సరిపడా ఇళ్లు లేకుండానే అంత వేగంగా మనుషులను రానిచ్చింది ప్రభుత్వం. నింద మాత్రం వచ్చినవారి మీద పడింది. అమెరికాలో వలసలు తగ్గించాలన్నవారు గ్యాలప్ సంస్థ సర్వేలో 2024లో 55 శాతం, 2025లో 30 శాతం. ఆ ఏడాదిలో అక్కడి వలసదారులు సగమైపోలేదు.

టిచీనో గురించి ఇంకొక్క మాట. పరిమితికి ఓటు వేసిన మరుసటి ఏడాదే అక్కడివారు కనీస వేతనానికీ ఓటు వేసి గెలిపించారు. అంటే వారి బాధ వచ్చే మనుషుల కన్నా జీతాల గురించేనేమో.