డార్ట్ కప్పలు కొనేముందు ఏం చూసుకోవాలి? పెంచినవాళ్లు చెప్పండి

ఖాళీ_ట్యాంక్:
నమస్తే అందరికీ. చేపలు పెంచిన అనుభవం ఉంది, కప్పలు మాత్రం ఇదే మొదటిసారి. నీలం రంగు డార్ట్ కప్ప, అదే టింక్టోరియస్ అజూరియస్, ఫొటోలు చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. మా ఆవిడ రెండే ప్రశ్నలు వేసింది: విషం సంగతేంటి, అది ఏం తింటుంది? పాత చేపల ట్యాంకు ఖాళీగా పడి ఉంది. ఈ వారాంతంలో ఒక జత తెచ్చేసుకోవచ్చా?

ఈగల_కాపరి:
ఈ వారాంతం మాత్రం వద్దండీ.

విషం గురించి టెన్షన్ పడకండి. అది కప్ప సొంతంగా తయారుచేసుకునేది కాదు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో అది తినే చీమలు, మైట్స్ (నలుసంత బుల్లి పురుగులు) నుంచి ఆల్కలాయిడ్లు, అంటే విష పదార్థాలు, వచ్చి చర్మంలో చేరతాయి. ట్యాంకులో పుట్టి పండు ఈగలు తిని పెరిగిన కప్పకు ఆ సరుకే అందదు. కొలంబియాలో ఎంబెరా తెగవాళ్లు ఒకప్పుడు బాణాల మొనలకు విషం తీసుకున్న బంగారు రంగు టెరిబిలిస్ అనే డార్ట్ కప్ప కూడా అంతే, ట్యాంకులో పుట్టినదైతే విషం ఉండదు. అడవి నుంచి పట్టుకొచ్చినదాని లెక్క వేరు, దాని విషం చాలాకాలం పోదు. అందుకే ఎక్కడ పుట్టిందో అడక్కుండా కొనొద్దు.

మీ ఆవిడ రెండో ప్రశ్నే అసలుది. కప్పలు కొంటున్నా అనుకుంటున్నారు గానీ, మీరు మొదలుపెట్టబోయేది ఈగల పెంపకం. ఎగరలేని పండు ఈగల డబ్బా ఒకటి సిద్ధం చేస్తే కొత్త ఈగలు రావడానికి రెండు వారాలు పడుతుంది, హైడీ అనే పెద్ద ఈగల రకమైతే ఇంకా ఎక్కువ. కాబట్టి ప్రతి వారం ఒక కొత్త డబ్బా పెట్టుకుంటూ పోవాలి.

నేను బద్ధకించి నాలుగు డబ్బాలూ ఒకే రోజు పెట్టాను. మూత అంచున గోధుమరంగు పొడి కనిపిస్తే ఈస్ట్ అనుకున్నా. మర్నాడు చూస్తే ఆ పొడి కదులుతోంది! మైట్స్. నాలుగు డబ్బాలూ పోయాయి. కొత్త ఈగలు వచ్చేదాకా ట్యాంకు మట్టిలో ఉన్న స్ప్రింగ్‌టెయిల్స్ అనే బుల్లి పురుగుల మీదే బండి నడిచింది. ఇప్పుడు ప్రతి మూత మీదా తేదీ రాస్తాను, పాతవాటిని కొత్తవాటి దగ్గరకు రానివ్వను.

ఈగలను కప్పులో వేసి కాల్షియం, విటమిన్ డి3 పొడి చల్లి తిప్పితే పిండి పూసిన నువ్వుల్లా అవుతాయి. అలా వేస్తేనే ఎముకలు గట్టిగా ఉంటాయి. ఈగ కనబడగానే కప్ప ఆగి, వెనక కాలి వేలితో టకటకా నేల తడుతుంది, ఆ తర్వాతే నాలుక చాస్తుంది. ఆ ఒక్క దృశ్యం కోసమే ఇంత చాకిరీ.

వానపాట:
తిండి కంటే నాకు వేడి భయం ఎక్కువ. వీటికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 30 దాటితే ప్రాణాల మీదికే. పైగా గాజు ట్యాంకు మూత పెట్టి లైటు వేస్తే లోపల గది కంటే వేడెక్కుతుంది. ఒకసారి మేము ఇంట్లో లేనప్పుడు ఏసీ ఆగిపోయింది. వచ్చి చూస్తే ట్యాంకులో 33. రెండు కప్పల్లో ఒకటే మిగిలింది. ఇంతకంటే చెప్పలేను.

మీరు ముందు ఖాళీ ట్యాంకులోనే థర్మామీటరు పెట్టి, లైటు వేసి, మధ్యాహ్నం ఎంత చూపిస్తుందో రాసుకోండి.

నాచుతోట:
చేపల ట్యాంకే వాడతానంటే పైన మూత సరిగ్గా బిగించుకోవాలి. లేకపోతే తేమా పోతుంది, ఈగలూ ఇల్లంతా పాకుతాయి. అడుగున మట్టి గుండ్లు, పైన వల, ఆపైన మట్టి, ఆపైన ఎండుటాకులు. లోతు నీళ్లు అక్కర్లేదు, ఇవి ఈత కప్పలు కావు. క్లోరిన్ లేని నీళ్లే చల్లండి. మొక్కలు వేసి, స్ప్రింగ్‌టెయిల్స్ వదిలి నెల, నెలన్నర ఆగితే ట్యాంకు కుదురుకుంటుంది.

ఖాళీ_ట్యాంక్:
థ్యాంక్స్ అందరికీ. నీలం ఒకటి, పసుపు నలుపు లూకోమెలాస్ అనే ఇంకో డార్ట్ కప్ప ఒకటి కలిపి పెడితే పాప మురిసిపోతుంది. కుదురుతుందా?

ఈగల_కాపరి:
వద్దు బ్రదర్. జాతులు కలిస్తే సంకర పిల్లలు పుట్టొచ్చు, రోగాలు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకోవచ్చు. టింక్టోరియస్‌లో ఒకే జాతిలోనే ఆడవి రెండు ఉంటే కుస్తీ పడతాయి, ఓడింది తిండి దగ్గరకు రాకుండా చిక్కిపోతుంది. పిల్ల కప్పల్లో ఆడామగా తేల్చడం కష్టం కాబట్టి రెండు చిన్నవి తెచ్చుకుంటే ఒకదాన్ని విడదీయాల్సి రావొచ్చు. రెండో ట్యాంకుకు చోటుందా?

కొనేటప్పుడు మీ కళ్ల ముందు ఈగలు తింటుందో లేదో చూడండి. తెచ్చాక కొన్ని వారాలు వేరే డబ్బాలో ఉంచి, రెట్ట పరీక్ష చేయించండి. కప్పలను చంపే కైట్రిడ్ ఫంగస్ పరీక్ష కూడా చేయిస్తే మంచిది.

నాచుతోట:
కాగితాలు కూడా అడగండి. ఈ కప్పలు 1987 నుంచి సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. మీ నీలం కప్ప సొంతిల్లు సురినామ్ దక్షిణాన సిపాలివిని గడ్డిమైదానాల్లోని చిన్న చిన్న అడవి ముక్కలే. తక్కువకు ఇస్తాం, కాగితాలు తర్వాత అంటే నేనైతే అక్కడే వెనక్కి తిరుగుతాను.

పాపకు ముందే చెప్పండి, ఇది చూసే ప్రాణి, పట్టుకునేది కాదు. విషం లేకపోయినా, మన చేతి ఉప్పు, సబ్బు దాని చర్మానికి పడవు. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్లు బతుకుతుంది, అంటే పాప కాలేజీకి వెళ్లాక ఈగల డబ్బాలు కడిగేది మీరే.

ఖాళీ_ట్యాంక్:
పది రోజుల తర్వాత వస్తున్నా. కప్పలు కొనలేదు. ఒక ఈగల డబ్బా పెట్టాం, మూత మీద తేదీ పాప రాసింది. ట్యాంకులో మధ్యాహ్నం లైటు వేస్తే 28.5 చూపిస్తోంది.

వానపాట:
28.5 ఎక్కువే. లైటు గాజుకు కాస్త ఎత్తులో పెట్టి, ఇంకో వారం రాసి చెప్పండి. రెండో డబ్బా పెట్టారా?