ఫస్టియర్ పిల్లోడు వారం వారం ఇంటికి రావచ్చా, ఆపాలా?

పలమనేరు అక్క:
మా తమ్ముడు ఈ ఏడాదే తిరుపతిలో బీటెక్‌లో చేరాడు. పది దాకా తెలుగు మీడియం, ఇంటర్ కూడా ఊళ్ళోనే, ఇల్లు వదిలి ఎప్పుడూ ఉన్నవాడు కాదు. ఇప్పుడు శుక్రవారం క్లాసు అయిందంటే చాలు, బ్యాగు సర్దుకుని బస్సెక్కేస్తున్నాడు, మళ్లీ వెళ్లేది సోమవారం తెల్లవారుజామున. మా నాయన "రానీలేమ్మా, రెండు రోజులు ఇంటి కూడు తింటాడు, టమాటా కోతకి ఒక చెయ్యి తోడుంటుంది" అంటాడు. నేనేమో మొదటి సెమిస్టర్ అయ్యేదాకా నెలకి ఒకసారి చాలు అంటున్నాను. శని, ఆదివారాలు హాస్టల్లో లేకపోతే వాడికి స్నేహితులు ఎప్పుడు దొరుకుతారు? ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

థర్డ్ ఇయర్ మదనపల్లె:
మీరు చెప్పిందే కరెక్ట్ అక్కా. వారం మధ్యలో ఎవరికీ ఖాళీ ఉండదు, క్లాసు, ల్యాబు, రికార్డు రాయడం, మెస్‌లో తినడం, పడుకోవడం, అంతే. దోస్తీ కుదిరేది శనివారమే. ఎవడో ఒకడు అలిపిరి మెట్లెక్కుదాం అంటాడు, పదిమంది బయల్దేరతారు, ఆ 3,550 మెట్లు ఎక్కేలోపు నిన్నటిదాకా పేరు కూడా తెలియనివాడు మన ఇంటి సంగతులన్నీ వినేసి ఉంటాడు. ఫస్ట్ సెమిస్టర్‌లో అది పోగొట్టుకుంటే తర్వాత కష్టం, అప్పటికే ఎవరి గ్రూపు వాళ్లకి ఏర్పడిపోయి ఉంటుంది. ఇంకోటి, సోమవారం బస్సు కాస్త లేటయితే మొదటి పీరియడ్ పోయినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు చూస్తారని మీ నాయనకి చెప్పండి.

చంద్రగిరి అమ్మాయి:
నేను ఒప్పుకోను. నేను రోజూ చంద్రగిరి నుంచి బస్సులో వచ్చి పోతాను, హాస్టల్ మొహం చూడలేదు, నాకు స్నేహితులు లేరా? క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడితే అవుతారు. ఇంటికి వెళ్లడం ఏదో జబ్బు అన్నట్టు మాట్లాడకండి. పొలం ఉన్న ఇళ్లలో పిల్లాడు వచ్చి రెండు రోజులు పని చేస్తే ఆ కూలి డబ్బు మిగులుతుంది, ఆ డబ్బే వాడి మెస్ బిల్లు అవుతుంది.

థర్డ్ ఇయర్ మదనపల్లె:
చంద్రగిరి ఎంత దూరం, పలమనేరు ఎంత దూరం? నీకు 15 కిలోమీటర్లు కూడా ఉండదు, ఆ అబ్బాయికి చిత్తూరు మీదుగా 110 దాకా. రానూ పోనూ ఒక పూట మొత్తం బస్సులోనే పోతుంది. పోలికే కుదరదు.

పీలేరు మాస్టారు:
మీ ఇద్దరూ బస్సు గురించే కొట్లాడుతున్నారు గానీ, వాడు శుక్రవారం అయ్యేసరికి ఎందుకు పరిగెత్తుకొస్తున్నాడో ఎవరూ అడగలేదమ్మా. నేను చాలా ఏళ్లు ఫస్టియర్ వాళ్లకి పాఠం చెప్పాను. ఇంటి మీద బెంగతో వచ్చేవాళ్లు కొందరు, అది రెండు మూడు నెలల్లో చాలామందికి సర్దుకుంటుంది. కానీ తెలుగు మీడియం పిల్లల్లో ఎక్కువమందికి అసలు బాధ క్లాసులోనే. ఇంజనీరింగ్ డ్రాయింగ్, సీ ప్రోగ్రామింగ్, లెక్కలు అన్నీ ఇంగ్లీషులో గబగబా చెప్పేస్తారు, లేచి అడిగితే తన ఇంగ్లీషుకి నవ్వుతారేమోనని అడగడు, నాలుగు వారాలు గడిచేసరికి ఏం అడగాలో కూడా తెలియని స్థితికి వస్తాడు. అలాంటివాడిని ఇంటికి రావద్దంటే హాస్టల్ గదిలో ఒక్కడే పడుకుంటాడు, అంతకుమించి ఏమీ మారదు. వాడికి కావాల్సింది తెలుగులో చెప్పే ఒక తోటి విద్యార్థి, క్లాసయ్యాక లెక్చరర్ దగ్గరికి వెళ్లి తెలుగులోనే అడిగే ధైర్యం. అడిగితే చెప్పనివాళ్లు చాలా తక్కువ.

ఇంకో మాట కూడా మెల్లగా కనుక్కో. సీనియర్లు ఏమైనా ఇబ్బంది పెడుతున్నారా? మన రాష్ట్రంలో ర్యాగింగ్ 1997 చట్టం ప్రకారం నేరం, యూజీసీ 2009లో పెట్టిన నిబంధనలు అన్ని కాలేజీలకీ వర్తిస్తాయి, 1800-180-5522కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. అలాగే తిండి మానేయడం, రాత్రులు నిద్ర పట్టకపోవడం, ఇంటికొచ్చినా ఎవరితోనూ మాట్లాడకపోవడం ఉంటే దాన్ని మామూలు బెంగ అనుకోవద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

పలమనేరు అక్క:
సార్, నిన్న రాత్రి ఫోన్‌లో అడిగాను. ర్యాగింగ్ లాంటివి లేవట, తిండీ నిద్రా బాగానే ఉన్నాయి. డ్రాయింగ్ మాత్రం అసలు అర్థం కావట్లేదన్నాడు. మిగతావాళ్లకి అర్థమవుతోందా అంటే, ఆదివారం అందరూ ఒకే గదిలో కూర్చుని షీట్లు వేసుకుంటారట, వీడు ఆ టైముకి మా తోటలో ఉంటున్నాడు. ఇంతకంటే నేనేం చెప్పాలి మా నాయనకి?

పుత్తూరు నాన్న:
చెప్పండి గానీ, పిల్లోడికి మాత్రం "రావద్దు" అనే మాట అనకండి తల్లీ. ఇంట్లోవాళ్లు రావద్దన్నారని మనసులో పడితే రేపు నిజంగా కష్టమొచ్చినా చెప్పడు. మా పాప పద్మావతి మహిళా వర్సిటీలో చేరినప్పుడు మేమే ఆదివారాలు వెళ్లేవాళ్లం. సంగటి, ఊరిబిండి కట్టుకుని పోయి, దాని స్నేహితురాళ్లకీ పెట్టి, సాయంత్రానికి వచ్చేసేవాళ్లం. మీ నాయన్ని అలా పంపండి, ఆ డ్రాయింగ్ గదిని ఆయనే కళ్లారా చూస్తాడు.

చంద్రగిరి అమ్మాయి:
కోతల టైములో నాయన ఎలా వస్తాడండీ? అమ్మని పంపండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు పెట్టుకుంటే చాలు. షీట్ల సంగతి విన్నాక ఆదివారం హాస్టల్లో ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను, నెలకి ఒక్కసారే అన్న రూలు మాత్రం ఇప్పటికీ నాకు నచ్చలేదు. రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి వచ్చి శనివారం సాయంత్రం బస్సెక్కితే రెండూ కుదురుతాయి.

థర్డ్ ఇయర్ మదనపల్లె:
శనివారం సాయంత్రం అయితే ఓకే. అక్కా, అమ్మగారు వచ్చేది పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) నెలలో అయితే శనివారం వద్దు, తమిళనాడు జనంతో తిరుపతి బస్టాండ్‌లో నిలబడే చోటు కూడా ఉండదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరమనండి. డ్రాయింగ్‌కి మా జూనియర్ ఒకడు తెలుగులో బాగా చెప్తాడు, మీ తమ్ముడు ఏ బ్రాంచో మెసేజ్ పెట్టండి, ఈ వారమే కలుపుతాను.