నీలం స్తంభం కాక్టస్ మొదలు దగ్గర మెత్తబడతా ఉంది, ఇప్పుడే కోయాలా?

మాది కావలి. మేడ మీద కుండీలో పైలోసోసెరియస్ ఉంది, అదే బ్రెజిల్ నుంచి వచ్చే నీలం రంగు స్తంభం కాక్టస్, రెండున్నర అడుగులు, మూడేళ్లుగా బాగానే పెరిగింది. నవంబర్‌లో తుపాను వానకి నాలుగు రోజులు తడిసింది, నేను ఊళ్లో లేను, వచ్చి చూస్తే మట్టికి రెండంగుళాల పైన ఒక పక్క రూపాయి బిళ్లంత మచ్చ, నారింజ కలిసిన గోధుమ రంగు, నొక్కితే మెత్తగా ఉంది. మిగతా చుట్టూ గట్టిగానే ఉంది, పైన నీలం కూడా తగ్గలా.

వెంటనే నీళ్లు ఆపేశా, కుండీ వరండాలోకి మార్చా. వారం తర్వాత పీకి చూస్తే వేర్లు సగం నల్లగా ఉన్నాయి, అవి కత్తిరించి కార్బెండజిమ్ (శిలీంద్రాలు చంపే మందు) పొడి రాసి, నాలుగు రోజులు ఆరబెట్టి, పెన్నా ఇసుక, ఇటుక ముక్కలు సగానికి పైగా కలిపి మళ్లీ పెట్టా (మొదట తోటమట్టిలోనే పెట్టడం నా తప్పే). ఇప్పటికి పన్నెండు రోజులు, నీళ్లు చుక్క పోయలా, అయినా మచ్చ రెండింతలైంది.

పైభాగం కోసి వేర్లు తెప్పించాలంటే ఈ డిసెంబర్ చెమ్మలో కోత ఆరుతుందా అని భయం. మా కోస్తా వాతావరణంలో ఇది పెంచినవాళ్లు చెప్పండి, ఇప్పుడే కోసేయాలా, ఫిబ్రవరి ఎండలదాకా ఆగొచ్చా?