ఏమీ జరగని వారం: రోజుకో వాక్యమా, ఆదివారం ఒక పేజీయా?

పాతపెన్ను: ప్రయాణం లేదు, జబ్బు లేదు, చెప్పుకోదగ్గ వార్తా లేదు. అలాంటి వారంలోని చిన్న చిన్న క్షణాలను నెమరేసుకోవడానికి ఏ పద్ధతి మంచిది? నా ఓటు ఆదివారానికే. ఇరవై నిమిషాలు చాలు. సోమవారం నుంచి ముందుకు కాదు, శనివారం నుంచి వెనక్కి రండి. రోజు పేరు తలుచుకుంటే ఏమీ తట్టదు. చోటు తలుచుకోండి: గుమ్మం, మెట్లు, బస్సు, పని బల్ల. ఆ చోట ఎవరు కనబడ్డారు, వాళ్ల చేతిలో ఏముంది అని అడుగుతూ పోతే పదో పన్నెండో దొరుకుతాయి. మూడు ఉంచుకుని మిగతావి వదిలేయండి. రోజూ రాసేవాళ్లకు ఈ ఏరుకోవడమే ఉండదు.

గోడగడియారం: ఆ పన్నెండులో ఎక్కువ భాగం శుక్ర, శనివారాలవే అవుతాయి, లెక్కపెట్టి చూడండి. మరుపు మొదటి రోజే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. పైగా ఒకే దారి, ఒకే పని అయిన వారంలో మంగళవారం వెళ్లి బుధవారంలో కలిసిపోతుంది. పడుకునే ముందు ఒక్క వాక్యం రాయండి, 20 మాటలు దాటొద్దు. గంట, వస్తువు, కదలిక మూడూ ఉండాలి. ‘ప్రశాంతంగా’, ‘అందంగా’ లాంటివి రాయొద్దు. ఆరు నెలలు పోయాక ఆ మాటలు ఏ దృశ్యాన్నీ కళ్లముందుకు తేవు. ఉదాహరణకు: “మంగళ, 6:40. మెట్ల మీద చెప్పు తెగితే, దిగుతున్న పిల్లవాడు బంతి చంకలో పెట్టుకుని గోడకు ఒత్తుకుని దారిచ్చాడు.” ఇది ఆదివారం దాకా ఆగదు.

ఒంటిగీత: ఫోన్‌లో రాసుకోవచ్చా అండీ?

గోడగడియారం: వద్దు. రాద్దామని తెరుస్తాం, ముందు మెసేజ్‌లే కనబడతాయి, వాక్యం ఎగిరిపోతుంది. నోటుబుక్కు, అందులోనే పెన్ను, దిండు పక్కన.

పాతపెన్ను: గంట ఎందుకండీ? వాగెనార్ అనే డచ్ మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి తన రోజుల్లోని సంఘటనలు రాసుకుని, తర్వాత తన జ్ఞాపకాన్నే పరీక్షించుకున్నాడు. 1986లో ప్రచురించాడు. ఏమిటి, ఎవరు, ఎక్కడ అన్న ఆనవాళ్లు పనిచేశాయి. ‘ఎప్పుడు’ ఒక్కటే ఇస్తే దాదాపు ఏమీ గుర్తురాలేదు. ఆ 6:40 కొట్టేయండి.

గోడగడియారం: ఆయన ‘ఎప్పుడు’ అన్నది తేదీ. నేను 6:40 రాయమన్నది వెలుతురు కోసం. ఇంకో మాట, ఆయన రాసింది రోజూ. ఆదివారం ఆదివారం కాదు.

పాతపెన్ను: వెలుతురు కావాలంటే ‘చీకటి పడుతోంది’ అని రాయండి. అంకె ఎందుకు?

గోడగడియారం: అంకె రాయడానికి ఒక్క క్షణం. ‘చీకటి పడుతోంది’ అని మొదలుపెడితే వర్ణనలోకి జారతాం.

నీలిసిరా: గంట గొడవ పక్కనపెట్టి అసలు తప్పు చూడండి. రెండు రోజులు తప్పిపోతే మూడోనాడు ఆ ఖాళీలు నింపుతారు. అక్కడే కల్పన దూరుతుంది. తప్పిన రోజు గీత గీసి ఖాళీగా వదలాలి.

మధ్యాహ్నం: తమకు దక్కిన మంచిని కృతజ్ఞతతో లెక్కపెట్టుకునే విషయంలో మనస్తత్వవేత్త ల్యుబోమిర్‌స్కీ బృందం 2005లో రాసింది ఉంది కదా. వారానికి ఒకసారి చేసినవాళ్ల సంతోషం పెరిగింది, మూడుసార్లు చేసినవాళ్లకు పెరగలేదు.

పాతపెన్ను: అదీ! రోజూ చేస్తే మొక్కుబడి అయిపోతుంది.

గోడగడియారం: కృతజ్ఞత వేరు, గమనించడం వేరు. పొద్దుటి నుంచీ ఇదే వరస మీది. నా మాటలో మీకు పనికొచ్చే ముక్క తీసుకుంటారు, మిగతాది చదవరు. మంగళవారం ఏమైపోతుందో ఒక్కసారైనా జవాబు చెప్పారా?

పాతపెన్ను: చెబుతున్నాను, వినండి. పోతే పోనివ్వండి! నాకు రికార్డు అక్కర్లేదు. వారం చివర మనసు తనంతట తాను దేన్ని పట్టుకుని ఉందో తెలిస్తే చాలు. అన్నీ దాచిపెడితే మనసు ఏది ఎంచుకుందో ఎప్పటికీ తెలియదు.

గోడగడియారం: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మనసు ఎంచుకునేది గట్టిగా తగిలినదాన్నే. ఎవరో విసుక్కున్న మాట ఆదివారానికి ఉంటుంది, గోడకు ఒత్తుకున్న పిల్లవాడు ఉండడు. మామూలు రోజుల్లో చేసిందీ మాట్లాడిందీ రాసి దాచుకున్నవాళ్లు నెలల తర్వాత చదివి, తాము అనుకున్నదానికన్నా ఎక్కువ ఆసక్తి పడ్డారని పరిశోధకురాలు టింగ్ జాంగ్ బృందం 2014లో చూపించింది. ఏది విలువైనదో ఆ వారమే తేల్చేయడం మన చేతిలో లేదు. అందుకే తేల్చకుండా రాయమంటున్నాను.

పాతపెన్ను: తేల్చనిదాన్ని నెమరేయడం అంటారా? పోగేయడం అంటారు.

ఒంటిగీత: నిద్ర ముంచుకొచ్చిన రాత్రి ఏం చేయాలి?

గోడగడియారం: మూడు మాటలు. చెప్పు, మెట్లు, బంతి. పొద్దున్నే వాటిని వాక్యం చేయండి, రెండో రాత్రి దాకా వదలొద్దు.

పాతపెన్ను: ఆ మూడు మాటలైతే నేనూ రాస్తాను. ఆదివారం వాటిని ముందు మూసిపెట్టి, గుర్తున్నది రాశాకే తెరుస్తాను. గంట మాత్రం వేయను.