డ్రైవరు తలుపు తీస్తే మాత్రం రూమ్ లైటు వెలగడం లేదు: లోపం ఎక్కడ వెతకాలి?

తీరంవాసి, విశాఖపట్నం:
మా పాత హ్యాచ్‌బ్యాక్‌లో రూమ్ లైటు స్విచ్‌ను "డోర్" స్థానంలో ఉంచితే, ఎడమవైపు తలుపులు తీసినప్పుడు లైటు వెలుగుతోంది గానీ డ్రైవరు తలుపు తీసినప్పుడు వెలగడం లేదు. "ఆన్" స్థానంలో మాత్రం ఎప్పుడూ చక్కగా వెలుగుతుంది. షెడ్డులో చూపిస్తే పైకప్పు లోపలి వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. అంత పని నిజంగా అవసరమా? ఇలాంటి లోపాన్ని ఇంటి దగ్గరే కనిపెట్టినవారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

పాతకారు, గుంటూరు:
పైకప్పు జోలికి వెళ్లనక్కరలేదు. మీరు గమనించిన లక్షణాలతోనే సగం పరీక్ష అయిపోయింది. ఆ తరం కార్లలో చాలావాటికి ఫ్యూజు నుంచి బల్బు దాకా ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు తీసినప్పుడు డోర్ స్విచ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉండే కారు లోహపు బాడీ) మాత్రమే కలుపుతుంది. "ఆన్"లో వెలుగుతోంది కాబట్టి ఫ్యూజు, బల్బు, ప్లస్ వైరు బాగున్నాయి. ఎడమ తలుపులకు వెలుగుతోంది కాబట్టి లైటు నుంచి కిందికి దిగే వైరు కూడా బాగుంది. ఇక మిగిలింది డ్రైవరు వైపు స్విచ్, దాని ఎర్త్, అక్కడి దాకా వెళ్లే వైరు ముక్క, అంతే.

తలుపు చట్రంలో ఉండే ఆ స్విచ్ స్క్రూ విప్పి మెల్లగా బయటికి లాగండి. వైరు ఊడి లోపలికి జారిపోతే మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం, అందువల్ల కనెక్టర్ తీసేముందే వైరును టేపుతో బాడీకి అంటించండి. మిగతా తలుపులన్నీ మూసి, లైటు స్విచ్‌ను "డోర్"లో ఉంచి, ఆ వైరుకూ పెయింట్ లేని శుభ్రమైన లోహానికీ మధ్య మల్టీమీటరుతో వోల్టులు కొలవండి. వేరే ఏ తలుపు తెరిచి ఉన్నా దాని స్విచ్ ఎర్త్ కలిపేస్తుంది, కొలత తప్పుగా వస్తుంది. బల్బు గుండా వచ్చే 12 వోల్టులు కనిపిస్తే లోపం స్విచ్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉన్నట్టు.

వైరింగ్‌మిత్ర, వరంగల్:
పాతకారు గారు చెప్పిన క్రమం సరైనదే, అయితే ఆ 12 వోల్టులను పూర్తిగా నమ్మకండి. వైరులో తెగక మిగిలిన ఒక్క పోగు ఉన్నా మీటరు నిండు వోల్టేజీ చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. 5 వాట్ల బల్బుకు మాత్రం సుమారు 0.4 ఆంపియర్లు కావాలి. కాబట్టి స్విచ్‌ను తిరిగి బిగించి, ఆ ఒక్క తలుపు తెరిచి, బల్బు హోల్డర్‌లో ఉండగానే స్విచ్ దగ్గరి వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. స్విచ్ సక్రమంగా పనిచేస్తే సున్నాకు చాలా దగ్గరగా రావాలి. మూడు నాలుగు వోల్టులు వస్తే లైటు మసకగా వెలుగుతుంది, పన్నెండు దాకా వస్తే అసలు వెలగదు. ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉందని అర్థం. మీది సముద్ర తీరం గనుక స్విచ్‌ను బాడీకి పట్టి ఉంచే స్క్రూ కిందనే ముందు చూడండి. ఇలాంటి స్విచ్‌లలో చాలావాటికి ఎర్త్ అందేది ఆ స్క్రూ ద్వారానే.

దూరప్రయాణం, హైదరాబాద్:
కొత్త కార్లున్నవారి కోసం ఒక మాట. వీటిలో తలుపు చట్రం మీద నొక్కుడు స్విచ్ ఉండదు. తాళం యంత్రంలోనే చిన్న స్విచ్ ఉండి, బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు (లైట్లు, తాళాల వంటివాటిని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెకు) సమాచారం పంపిస్తుంది, లైటును వెలిగించేది ఆ మాడ్యూల్. అందువల్ల ముందు డ్యాష్‌బోర్డు చూడండి. తలుపు తీసినా "తలుపు తెరిచి ఉంది" అనే గుర్తు రాకపోతే లోపం తాళం వైపు ఉంటుంది, లేదా తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. గుర్తు వచ్చి లైటు రాకపోతే లైటు వైపు వెతకాలి. పైకప్పు అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో పసుపు రంగు కనెక్టర్లను మీటరుతో ముట్టుకోవద్దని గట్టిగా కోరుతున్నాను.

పాతకారు, గుంటూరు:
ఫ్యూజు మళ్లీమళ్లీ పోతున్నవారు ఎట్టి పరిస్థితిలోనూ పెద్ద ఫ్యూజు వేయకండి. ఫ్యూజు కరిగేలోపే వైరు మీది తొడుగు కరిగిపోతుంది. ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బును కలిపితే, షార్ట్ ఉన్నంతసేపు అది పూర్తి కాంతితో వెలుగుతూ కరెంటును రెండు ఆంపియర్ల లోపు ఆపుతుంది. అప్పుడు వైరింగ్‌ను ఒక్కొక్క చోట కదుపుతూ రండి. బల్బు మసకబారిన చోటే రాపిడి ఉంది. డిక్కీ తలుపు కీలు దగ్గర మొదలుపెట్టండి.

తీరంవాసి, విశాఖపట్నం:
మీ అందరికీ కృతజ్ఞతలు. బల్బు ఉండగా కొలిస్తే 11 వోల్టులకు పైగా వచ్చింది. స్క్రూ విప్పి చూస్తే దాని మర నిండా గోధుమ రంగు తుప్పు, స్విచ్ రేకు అడుగున పచ్చటి పొర. రెండింటినీ సన్నని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త స్క్రూ బిగించి, పైన పలుచగా వ్యాజలీన్ పూశాను. ఇప్పుడు కొలత 0.1 వోల్టు లోపే ఉంది, డ్రైవరు తలుపుకూ లైటు వెలుగుతోంది. ఇంకొక సందేహం: డిక్కీ మూసిన తరువాత అందులోని లైటు ఆరుతోందో లేదో తెలుసుకోవడం ఎలా?

వైరింగ్‌మిత్ర, వరంగల్:
ఫోనులో వీడియో రికార్డింగ్ మొదలుపెట్టి డిక్కీలో ఉంచి మూసేయండి; రెండు నిమిషాల తరువాత తీసి చూడండి. కొత్త కార్లలో మాడ్యూల్ నిద్రలోకి వెళ్లడానికి ఎక్కువ సమయం పట్టవచ్చు, మీ కారుకు మాత్రం ఇది చాలు.