గంజాయి మానే వైద్యం పిల్లోడికి పడుతుందో లేదో ముందే తెలుస్తుందా?

ప్రశ్న (తిరుపతి): పిల్లోడికి 16 ఏళ్లు. గంజాయి, ఇంటర్ క్లాసులు ఎగ్గొట్టడం, ఇంట్లో కొట్లాట. మూడు వారాలు సెంటర్లో పెడితే సరిపోతుందా? నయమయ్యేది దేన్ని బట్టి ఉంటుంది?

జవాబు 1: సరిపోదన్నా. అన్నిటికన్నా తేడా తెచ్చేది ఎన్నాళ్లు వదలకుండా వచ్చాడన్నదే. మూడు నెలల లోపు ఆపేస్తే ఫలితం నిలవడం కష్టం. వారం వారం కౌన్సెలింగుకు అమ్మానాన్నా కూడా కూర్చోవాల. నాన్న కొట్టడం, అమ్మ చాటుగా డబ్బులివ్వడం, ఈ రెండూ నడిచే ఇంట్లో ఏ వైద్యమూ నిలవదు. సాయంత్రం ఎన్నింటికి రావాలి, ఎవరితో తిరగొచ్చు అనేదానిపై ఇద్దరిదీ ఒకే మాట కావాల. మాట నిలబెట్టుకున్న రోజే మెచ్చుకోండి, నెలాఖరు దాకా ఆగొద్దు.

జవాబు 2: ఏడీహెచ్‌డీ (ఒకచోట నిలకడ లేకపోవడం, ధ్యాస కుదరకపోవడం), డిప్రెషన్ ఉన్నాయేమో మొదట్లోనే రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో చూపించండి. వాటిని వదిలేసి గంజాయి ఒక్కటే మాన్పించబోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో సంగతి: రోజూ తాగినవాడికి మానేశాక కూడా మూడు నాలుగు వారాలు యూరిన్ టెస్టు పాజిటివ్ రావచ్చు. అబద్ధమాడినాడని మీద పడొద్దు. వైట్‌నర్ పీల్చినా మామూలు టెస్టులో కనపడదు.

జవాబు 3: దారి తప్పిన పిలకాయలనే ఒకచోట కూర్చోబెట్టే గ్రూపులతో జాగ్రత్త, ఒకరిది ఒకరు నేర్చుకుంటారు. చేర్పించాల్సివస్తే పెద్దల వార్డుకు ఒప్పుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనర్లను విడిగా ఉంచాలి.

ప్రశ్న: మధ్యలో మళ్లీ తాగితే?

జవాబు 1: ఆ వారం కౌన్సెలింగు మాత్రం మానొద్దు. ఎక్కడ, ఎవరితో, ఏ గొడవ తర్వాత తాగాడో రాసుకుపోండి. ఫోన్ సాయానికి మత్తు మానే హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.